పాత పెంకుటింటి మరమ్మతుకు ఎంత ఖర్చవుతుంది: అంచనా వేసుకునే పద్ధతి

ఏళ్ళ తరబడి తాళం వేసి ఉన్న తాతల నాటి ఇంటిని మళ్ళీ నివాసయోగ్యంగా చేయాలనుకునేవారు మేస్త్రీని మొదట అడిగే ప్రశ్న "అడుగుకు ఎంత పడుతుంది?" అన్నదే. కొత్తగా కట్టే ఇంటికి ఆ ప్రశ్న సరిపోతుంది, ఎందుకంటే అక్కడ పునాది నుంచి రంగు దాకా ప్రతి పనీ ముందే తెలిసినదే. పాడుపడిన ఇంటికి అడుగు లెక్క పనికిరాదు. ఒకే ఊళ్ళో, ఒకే కొలతలతో, ఒకే కాలంలో కట్టిన రెండు పెంకుటిళ్ళలో ఒకదానికి పెంకులు సర్ది సున్నం వేస్తే సరిపోవచ్చు, రెండో దానికి కప్పు మొత్తం దించి దూలాలు మార్చవలసి రావచ్చు. అందుచేత ఇలాంటి ఇంటికి పని వారీగా, గది వారీగా లెక్క కట్టడం తప్ప మరో దారి లేదు. కోస్తా గ్రామాల్లో ఇప్పటికీ వందలకొద్దీ కనిపించే ఇటుక గోడలు, కర్ర కప్పు, మంగుళూరు పెంకుల ఇంటిని ఉదాహరణగా తీసుకుని ఆ లెక్క ఎలా కట్టుకోవాలో ఇక్కడ వివరిస్తాను. తెలంగాణ, రాయలసీమల్లోని గూన పెంకుల ఇళ్ళకూ, మట్టి గోడల ఇళ్ళకూ పద్ధతి ఇదే. పరిమాణాలు మాత్రం మారతాయి.

ముందుగా కాగితాలు, ఆ తరువాత శుభ్రం

టేపు పట్టుకునే ముందు ఇల్లు ఎవరి పేరున ఉందో చూసుకోండి. గ్రామకంఠంలోని ఇళ్ళకు చాలాసార్లు రిజిస్టరైన పత్రం ఉండదు. ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులే ఆధారంగా మిగులుతాయి. వారసులు నలుగురుంటే నలుగురి సమ్మతీ రాతపూర్వకంగా తీసుకున్నాకే ఖర్చు మొదలుపెట్టాలి. బకాయిపడిన ఇంటి పన్ను, తొలగించిన మీటరును తిరిగి పెట్టించుకునే ఖర్చు, పత్రాల ఖర్చు కూడా అంచనాలో మొదటి పద్దులుగా రాసుకోండి. గోడల స్థానాలు మార్చకుండా ఉన్నదాన్ని బాగు చేసుకోవడం వేరు, గది పెంచడమో పై అంతస్తు వేయడమో వేరు. రెండో రకం పనికి పంచాయతీ లేదా మునిసిపాలిటీ అనుమతి కావాలి కనుక ఆ రుసుములు కూడా లెక్కలోకి వస్తాయి.

తరువాత ఇంటిని ఖాళీ చేయించాలి. పెరటి ముళ్ళకంపలు, కూలిన పెంకులు, గబ్బిలాల పెంట, విరిగిన సామాను అన్నీ బయటికి పోయేదాకా గోడ అడుగుభాగమూ నేలా కనిపించవు, కనిపించనిదానికి అంచనా వేయలేము. ఈ పని రోజు కూలికి చేయించడమే మంచిది. పాములు, తేళ్ళు ఉండే చోటు కాబట్టి పగటి వేళ, బూట్లు వేసుకున్న మనుషులతో చేయించండి. గోడ సందుల్లో మొలిచిన రావి, మర్రి మొక్కలను మాత్రం ఈ దశలో లాగవద్దు. వేరు గోడ లోపల ఎంత దూరం పోయిందో తెలియకుండా పీకితే దానితో పాటు ఇటుకలూ ఊడివస్తాయి. మొక్కను మొదలుకు కోసి, ఎక్కడెక్కడ ఉన్నదో గుర్తు పెట్టుకోండి. అక్కడ గోడను కొంత విప్పి తిరిగి కట్టే పనిని ప్రత్యేక పద్దుగా రాయవలసి ఉంటుంది.

వీలైతే ఒక మంచి వాన కురుస్తున్నప్పుడు ఇంట్లో నిలబడి చూడండి. నీరు ఎక్కడ కారుతున్నదో, చూరు నీరు ఎటు పోతున్నదో, వీధి మట్టం పెరిగి వాకిట్లోకి నీరు వస్తున్నదో ఆ పూట తెలిసినంత స్పష్టంగా మరెప్పుడూ తెలియదు. పాత ఊళ్ళలో రోడ్డు మీద రోడ్డు వేస్తూ రావడం వల్ల ఇంటి గడపకంటే వీధే ఎత్తయిన చోట్లు చాలా ఉన్నాయి. అలాంటి ఇంటికి నీటి దారి సరిచేయకుండా గోడల మీద పెట్టిన ఖర్చు నిలవదు.

విప్పి చూడడం

అంచనా తప్పడానికి అసలు కారణం లెక్కలో పొరపాటు కాదు, చూడకుండా వదిలేసిన భాగాలు. కాబట్టి మొత్తం పనికి ముందు కొద్దిపాటి డబ్బు విప్పి చూడడానికే కేటాయించండి. గోడ పక్కన రెండు చోట్ల, ఒకటి బాగున్న మూలనా మరొకటి కుంగిన మూలనా, పునాది అడుగు కనిపించేదాకా గొయ్యి తీయించండి. గార ఉబ్బిన చోట రెండడుగుల మేర చెక్కించి లోపల ఉన్నది సున్నమా, మట్టా, సిమెంటా చూడండి. కప్పు మీద రెండు మూడు చోట్ల పెంకులు ఎత్తించి, పెంకులు కూర్చునే సన్నని పట్టీలైన రీపర్లనూ, వాటిని మోసే వాసాలనూ పరీక్షించండి. చూసిన ప్రతిదాన్నీ ఫోటో తీసి, గది పేరు, దిక్కు రాసి ఉంచుకోండి.

కర్రను చూసే తీరు కొంచెం వివరంగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే పెంకుటింట్లో పెద్ద ఖర్చు అక్కడే ఉంటుంది. దూలం నడుమ బాగానే కనిపిస్తుంది. పాడయ్యేది గోడలో దూరిన కొసలు. అక్కడ గాలి తగలదు, గోడ చెమ్మ పీల్చుకుంటుంది, చెదలు గోడ లోపలి నుంచే చేరుతాయి. చిన్న సుత్తితో నడుమ నుంచి కొస వైపు కొట్టుకుంటూ వెళ్ళండి. గట్టి కర్ర ఖంగుమంటుంది, తిన్న కర్ర డొల్లగా పలుకుతుంది. డొల్లగా పలికిన చోట పదునైన ములుకుతో పొడిచి ఎంత లోతు దిగుతున్నదో చూడండి. పైకి పెళుసుగా కనిపించినా అర అంగుళం లోపల టేకు చేవ చెక్కుచెదరకుండా ఉండడం మామూలే. దాన్ని పారేయమని ఎవరు చెప్పినా తొందరపడవద్దు. తాటి దూలాల విషయంలో పై పెచ్చు గట్టిగా ఉండి లోపలి భాగం పొట్టుగా మారి ఉండవచ్చు, అందుకని వాటిని చివర్లలోనే కాక నడుమ కూడా పరీక్షించాలి.

కొస ఒక్కటే పాడైన దూలానికి మూడు దారులున్నాయి. పాడైన మేర కోసి, గట్టి కర్రతో అతుకు వేసి ఇనుప పట్టీలు బిగించవచ్చు, గోడకు ఆనించి దూలం కింద కొత్త స్తంభం నిలబెట్టవచ్చు, దూలాన్నే మార్చవచ్చు. దూలం మార్చడమంటే ఆ భాగంలో పెంకులు, రీపర్లు, వాసాలు అన్నీ దించి, జాకీలు పెట్టి, పని అయ్యాక మళ్ళీ ఎక్కించడం. కాబట్టి మూడింటినీ పోల్చేటప్పుడు కర్ర ధరనే కాక ఈ దించి ఎక్కించే కూలిని కూడా చేర్చి పోల్చండి. నా అభిప్రాయంలో, ఇంజనీరు సరేనన్న చోట అతుకు వేయడమే మేలు. ఖర్చు తగ్గడంతో పాటు ఇప్పుడు కొనాలన్నా దొరకని పాత చేవ కర్ర ఇంట్లోనే మిగులుతుంది.

గోడ పగుళ్ళకు అడ్డంగా పెన్సిలుతో గీత గీసి తేదీ వేయండి, పగులుపై చిన్న గాజు పలకను సిమెంటుతో అతికించండి. కొన్ని నెలల్లో పలక పగిలితే గోడ ఇంకా కదులుతున్నదని అర్థం. కదులుతున్న గోడకూ, తూకం తప్పి పక్కకు ఒరిగిన గోడకూ, ఇనుప చువ్వలు తుప్పు పట్టి పెచ్చులూడుతున్న పాత స్లాబుకూ స్ట్రక్చరల్ ఇంజనీరు సలహా లేకుండా అంచనా వేయవద్దు. ఆయన ఫీజును కూడా పద్దులో చేర్చండి.

కొలతలు, పరిమాణాలు

ఇప్పుడు ఇంటి నమూనా గీయండి. గదికి ఒక పేజీ కేటాయించి, నాలుగు గోడల పొడవు, ఎత్తు, మందం, తలుపులు, కిటికీలు, గూళ్ళు రాయండి. ప్రతి అంశం పక్కన "ఉంచాలి", "బాగుచేయాలి", "మార్చాలి" అన్న మూడింటిలో ఒకటి రాయండి. ఏదీ తేల్చుకోలేకపోతే ప్రశ్నార్థకం పెట్టండి. చివర్లో ఆ ప్రశ్నార్థకాలకు విడిగా డబ్బు కేటాయించవలసి ఉంటుంది.

కప్పు లెక్కలోనే చాలామంది తక్కువ వేస్తారు. గోడల బయటి కొలత 24 అడుగుల వెడల్పు, 36 అడుగుల పొడవు అనుకుందాం. 24ను 36తో గుణించి 864 చదరపు అడుగులని రాసేస్తే లెక్క మొదట్లోనే తప్పుతుంది. చూరు చుట్టూ 2 అడుగులు బయటికి ఉంటే కప్పు పరచుకున్న మేర 28 × 40, అంటే 1,120 చదరపు అడుగులు. దానికి వాలు కలపాలి. అడుగు స్కేలును రసమట్టంతో అడ్డంగా పట్టుకుని, అడుగు దూరానికి వాసం ఎన్ని అంగుళాలు పైకి లేస్తున్నదో చూడండి. 6 అంగుళాలు లేస్తే 1.12తో, 7 అయితే 1.16తో, 8 అయితే 1.20తో గుణించండి. మన ఉదాహరణలో 6 అంగుళాలు అనుకుంటే కప్పు సుమారు 1,250 చదరపు అడుగులవుతుంది, మొదటి అంకెకంటే దాదాపు 45 శాతం ఎక్కువ. కప్పు రెండు వాలులదైనా నాలుగు వాలులదైనా, వాలు అన్ని వైపులా ఒకటే అయితే ఈ లెక్క మారదు.

మంగుళూరు పెంకులు 100 చదరపు అడుగులకు సుమారు 140 పడతాయి. 1,250 చదరపు అడుగులకు 1,750, రవాణాలోనూ ఎక్కించేటప్పుడూ పగిలేవాటికి పదో వంతు కలిపితే 1,925. మీ కప్పు మీది పెంకుల్లో ఎన్ని పనికొస్తాయో తెలియాలంటే దించిన వంద పెంకులను వేలి కణుపుతో తట్టి, నీటిలో తడిపి, పగుళ్ళు చూసి లెక్కించండి. వందలో 60 మంచివైతే సుమారు 1,050 ఇంట్లోనే ఉన్నట్టు, దాదాపు 875 కొనాలి. కొనే ముందు ఒక పాత పెంకును వెంట తీసుకువెళ్ళండి, ఎందుకంటే వేర్వేరు కంపెనీల పెంకుల గాడులు ఒకదానిలో ఒకటి సరిగ్గా కూర్చోవు. కుదరకపోతే పాతవన్నీ ఒక వాలుకూ కొత్తవన్నీ మరో వాలుకూ వేయించుకోవచ్చు.

రీపర్లను పెంకు పొడవును బట్టి సుమారు 12న్నర అంగుళాలకు ఒకటి చొప్పున కొడతారు. మన కప్పు రెండు వాలులదనుకుంటే, 28 అడుగుల్లో సగమైన 14 అడుగులకు వాలు కలిపితే ఒక్కో వైపు వాలు పొడవు సుమారు 15.65 అడుగులు కనుక ఒక్కో వైపు 40 అడుగుల వరుసలు 16, రెండు వైపులా కలిపి 1,280 అడుగుల రీపరు కావాలి. కర్రను ఘనపుటడుగుల్లో కొంటారు: వెడల్పు అంగుళాల్లో, మందం అంగుళాల్లో, పొడవు అడుగుల్లో తీసుకుని మూడింటినీ గుణించి 144తో భాగించాలి. 4 అంగుళాలు, 3 అంగుళాల కొలతతో 16 అడుగుల వాసం ఒక్కటి 1.33 ఘనపుటడుగులు. రెండడుగులకు ఒకటి చొప్పున వైపుకు 21, మొత్తం 42 వాసాలుండి వాటిలో 14 పాడైతే 18.7 ఘనపుటడుగులు, కోతలో పోయేది కలిపి 20 దాటుతుంది. దూలాలకూ ద్వారబంధాలకూ ఇదే లెక్క.

గారకు గోడ రెండు వైపులా కొలవాలి. తలుపులు, కిటికీల మినహాయింపు దగ్గర మేస్త్రీలతో తగువులు వస్తాయి కనుక భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 1200లోని పద్ధతిని ముందే ఒప్పుకోండి. 0.5 చదరపు మీటరు లోపు ఖాళీలకు తీసివేత ఉండదు. 0.5 నుంచి 3 చదరపు మీటర్ల వరకు ఉన్న ఖాళీలకు, రెండు వైపులా ఒకే గార వేస్తే, ఒక వైపు మాత్రమే తీసేస్తారు. పక్కల అంచులకు విడిగా కలపరు. 36 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు గల గోడకు 3 × 7 తలుపు ఒకటి, 3 × 4 కిటికీలు రెండు ఉన్నాయనుకుంటే, రెండు వైపులా కలిపి 720లో 45 పోగా 675 చదరపు అడుగులు. పాత గోడ మీద గార సగటున 20 మిల్లీమీటర్లు పడుతుంది. ఇటుకల సందులకు మూడో వంతు కలిపితే ఈ ఒక్క గోడకే దాదాపు 59 ఘనపుటడుగుల మాలు, అంటే కలిపిన గార, కావాలి. ఇసుక యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు కనుక గోడలన్నీ కలిపితే ఎన్ని యూనిట్లో మీరే తేల్చుకోవచ్చు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. సున్నంతోనో మట్టితోనో కట్టిన గోడకు సిమెంటు గార వేయించవద్దు. అలాంటి గోడ నేలలోని చెమ్మను పీల్చి బయటికి ఆరబెట్టుకుంటూ ఉంటుంది. పైన సిమెంటు పొర వేస్తే చెమ్మ లోపలే చిక్కుకుని, ఉప్పు పొంగి, కొన్నేళ్ళలో గారతో పాటు ఇటుక పైపొర కూడా రాలిపోతుంది. సున్నం గారకు కూలి ఎక్కువ, ఒక్కో పూతా ఆరడానికి సమయమూ ఎక్కువ, దాంతో పరంజా అద్దె కూడా పెరుగుతుంది. ఆ మూడింటినీ అంచనాలో నిజాయితీగా వేసుకోండి. సున్నం పని చేతనైన మేస్త్రీ మీ ప్రాంతంలో దొరకకపోతే వారసత్వ కట్టడాల పరిరక్షణ కోసం 1984లో ఏర్పడిన ఇంటాక్ స్థానిక విభాగాలను అడిగి చూడవచ్చు.

చెదల మందుకు గోడ వెంట 30 సెంటీమీటర్లకు ఒక రంధ్రం, రంధ్రానికి ఒక లీటరు ద్రావణం చొప్పున లెక్క. గోడల వెంట మొత్తం 200 రంధ్రాలు వస్తే 200 లీటర్లు. 20 శాతం క్లోర్‌పైరిఫాస్‌ను ఒక శాతానికి పలుచన చేయాలంటే లీటరుకు 19 లీటర్ల నీళ్ళు కలపాలి కనుక 10 లీటర్ల మందు. బావి దగ్గరి గోడలను ఈ పని నుంచి మినహాయించి, అనుభవమున్నవారితోనే చేయించండి.

నేల విషయం తేలిక. తాండూరు, షాబాద్, బేతంచర్ల, కడప బండలు చాలావరకు లేపి, కింద పరుపు సరిచేసి, మళ్ళీ పరిచి పాలిష్ పట్టిస్తే సరిపోతుంది. విరిగినవాటికి మాత్రం కొత్తవి కొనాలి. కరెంటు పాత వైర్లను ఏ ఒక్కటీ ఉంచుకోవద్దు. గది వారీగా లైట్లు, ఫ్యాన్లు, ప్లగ్గులు, ఏసీ పాయింట్లు లెక్కపెట్టి, పాయింటుకు ఇంత అని రేటు తీసుకుని, మెయిన్ బోర్డు, ఎర్తింగ్ విడిగా రాయండి. మరుగుదొడ్డి, సెప్టిక్ ట్యాంకు, నీళ్ళ ట్యాంకు పాత ఇంట్లో సాధారణంగా ఉండవు. వాటిని కొత్త నిర్మాణంగానే లెక్కించాలి.

ధరలు

పరిమాణాలు చేతికొచ్చాక ధరలు మూడు చోట్ల అడగండి: పని చేసే మేస్త్రీ, వడ్రంగుల దగ్గర, సరుకు అమ్మే దుకాణాల్లో, ప్రభుత్వ పనులకు రోడ్లు భవనాలు, పంచాయతీరాజ్ వంటి శాఖలు వాడే స్టాండర్డ్ షెడ్యూల్ ఆఫ్ రేట్స్‌లో. మూడో దానిలోని రేట్లు మీ ఊరి బజారుతో సరిగ్గా సరిపోవు, కానీ ఒక పనిలో సరుకు వాటా ఎంత, కూలి వాటా ఎంత అన్నది అందులో విడివిడిగా ఉంటుంది కనుక మేస్త్రీ చెప్పిన రేటు ఏ పనిలో మితిమీరిందో కనిపెట్టడానికి పనికొస్తుంది. పాత అంచనా కాగితం ఏదైనా మీ దగ్గర ఉంటే దాని తేదీ చూడండి. ఉదాహరణకు సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది.

రేటు అడిగేటప్పుడు అందరికీ ఒకే మాట చెప్పాలి. "గార వేయడానికి ఎంత?" అని కాకుండా, "పాత గార చెక్కి, సందులు శుభ్రం చేసి, రెండు పూతల సున్నం గార, పరంజాతో సహా, సరుకు మాది" అని అడిగితేనే వచ్చిన రేట్లను పక్కపక్కన పెట్టి చూడగలరు. కొత్తగా చేసే పనులను కొలత మీద ఇవ్వండి. విప్పి, వెతికి, అతికే పనులను రోజు కూలికి చేయించండి, ఎందుకంటే అలాంటి పనిని గుత్తకు ఇస్తే మేస్త్రీ తెలియని కష్టానికి ముందే ధర కలిపి చెబుతాడు, లేదా తక్కువకు ఒప్పుకుని తొందరగా ముగించడానికి మంచి కర్రను కూడా పగలగొడతాడు. ట్రాక్టరు ఇంటిదాకా రాలేని సందైతే మోత కూలి విడిగా వేసుకోవాలి.

పాత కర్రను మేస్త్రీకి వదిలేసి కూలిలో తగ్గించుకునే ఒప్పందాలు పల్లెల్లో తరచుగా జరుగుతాయి. దించకముందే ప్రతి దూలం, స్తంభం, తలుపు మీద రంగుతో అంకె వేసి, కొలిచి, ఘనపుటడుగుల లెక్క కట్టి, పాత కర్ర కొనేవారి దగ్గర ధర కనుక్కోకుండా అలాంటి ఒప్పందం చేసుకోవద్దు. మీరు అమ్మదలచినది ఏదైనా ఉంటే దాని విలువను ఖర్చులో తీసివేయకుండా, వేరే కాగితం మీద రాబడిగా రాసుకోండి. చేతికి రాని డబ్బును లెక్కలో తగ్గించుకుంటే నడుమ పని ఆగిపోతుంది.

పరంజా, జాకీల అద్దె, శిథిలాలు తీసే ట్రిప్పులు, తాత్కాలిక కరెంటు, నీళ్ళు, సామానుకు కాపలా, వాన పడితే కప్పడానికి టార్పాలిన్లు: ఇవి చిన్నవిగా కనిపించి అంచనాల్లోంచి జారిపోతాయి, మొత్తంగా చూస్తే చిన్నవేమీ కావు.

తెలియనివాటికి కేటాయింపు

చివర్లో మొత్తం మీద పది శాతం కలిపేయడం అలవాటుగా జరుగుతుంది. నేను దాన్ని రెండుగా విడదీస్తాను. విప్పి చూసిన పనుల మీద 10 శాతం, ప్రశ్నార్థకం పెట్టిన పనుల మీద 30 శాతం వేస్తాను. విప్పి చూసినవి 9 లక్షలు, చూడలేకపోయినవి 3 లక్షలు అనుకుంటే, రెండింటికీ చెరో 90 వేలు కలిపి 1.80 లక్షలు, మొత్తం 13.80 లక్షల రూపాయలు. అంటే కనిపించని 3 లక్షల పని, కనిపించిన 9 లక్షల పనితో సమానంగా జాగ్రత్త డబ్బు అడుగుతున్నది. ఇంకో నాలుగు చోట్ల విప్పి చూస్తే ఆ కేటాయింపు తగ్గుతుంది, కాబట్టి విప్పే కూలికి వెనకాడవద్దు. ఈ అంకెలు లెక్క అర్థం కావడానికి వేసినవి మాత్రమే. మీ ఇంటి అంకెలు వేరుగా ఉంటాయి.

మొత్తం చూసి చేతిలో డబ్బు చాలదనిపిస్తే అన్ని పనులనూ తలా కొంత తగ్గించవద్దు, విడతలుగా చేయండి. నీటి దారి, కప్పు, కదులుతున్న గోడలు మొదటి విడత. ఆ మూడూ అయితే ఇల్లు ఇంకా కొన్నేళ్ళు పాడవకుండా నిలుస్తుంది. గార, కరెంటు, నేల, రంగు తరువాత చేసుకోవచ్చు. కప్పు విప్పే పని జనవరిలో మొదలుపెట్టి మే నెలాఖరుకు ముగిసేలా చూసుకోవాలి, ఎందుకంటే జూన్‌లో నైరుతి వానలు వస్తాయి, కోస్తాలో అక్టోబరు, నవంబరు తుఫానుల కాలం. రెండో విడత రేట్లు ఇప్పటివి కావు కనుక ఆ పనులకు ధరల పెరుగుదలను కలిపి రాయండి.

పెంకులన్నీ దించిన రోజున పని ఒక పూట ఆపి, మేస్త్రీని, వడ్రంగిని పక్కన ఉంచుకుని, ప్రశ్నార్థకం పెట్టిన అంశాలను ఒక్కొక్కటిగా మళ్ళీ చూడండి. ప్రతిదాన్నీ మిగిలిన మూడింటిలో ఒకదాని కిందికి మార్చి, కొత్త పరిమాణాలతో అంచనాను తిరగరాసి, తేదీ వేసి, ఇద్దరి సంతకాలూ తీసుకోండి. ఆ తరువాత వచ్చే ప్రతి అదనపు పనికీ ముందుగా రేటు రాసుకున్నాకే కర్ర మీద రంపం పెట్టనివ్వండి.